ఐసు ముక్కకు పలకని పళ్ళు

కవరు బల్ల మీద పడి, జారి, డాక్టర్ అరుణకుమారి ఒళ్ళోకి వచ్చింది.

"సూడు" అన్నాడు వీరేశం. "సూసి, ఆ పెద్ద డాక్టరు సెప్పిందే నిజమని మా పాపకు ఒక్క మాట సెప్పు. మేం పోతాం."

కూర్చోమంటే కూర్చోలేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా బస్సులో నిలబడి వచ్చినవాడు, ఇక్కడ మాత్రం ఎందుకు కూర్చోవాలన్నట్టు నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. మగ్గం గుంటలో ముప్పై ఐదేళ్ళు గడిపిన నడుం కొంచెం ముందుకు వంగింది. చూపు మాత్రం వంగలేదు.

ఆ చూపు అరుణకుమారికి తెలుసు. పదేళ్ళ కిందటిది. ఆమె నాన్న దేవేంద్రప్ప అప్పట్లో ఎమ్మిగనూరులో ఒక చీరల షావుకారు దగ్గర గుడ్డ చూసే పని చేసేవాడు. నేతగాళ్ళు తెచ్చిన చీరను వెలుతురుకు పట్టి, అంగుళం అంగుళం వెతికి, పోగు తప్పిన చోట వేలు పెట్టి పక్కన పడేసేవాడు. ఒకరోజు వీరేశం తెచ్చిన చీరను పక్కన కాదు, వీధిలోకి విసిరాడు. వాన కురిసి బురదగా ఉన్న వీధి. సెలవులకు ఇంటికొచ్చిన అరుణ, నాన్నకు అన్నం క్యారియరు తెచ్చి అప్పుడే గుమ్మంలో నిలబడింది. బురదలోంచి చీర తీసుకుంటూ వీరేశం ఆమె వైపు చూసిన చూపే ఇది. ఈ పదేళ్ళలో కొంచెం కూడా చల్లారలేదు.

ఆమె కవరు తెరిచింది. పై పళ్ళూ కింది పళ్ళూ రెండు దవడలూ ఒకే వరసలో కనబడే పెద్ద ఎక్స్‌రే ఫిల్ము. కింది దవడలో, గడ్డం దగ్గర మొదలై ఎడమ వైపు దాకా, కోడిగుడ్డంత నల్లటి మచ్చ. ఎముక ఉండాల్సిన చోట ఎముక లేదు. ఆ మచ్చకు రెండు వైపులా ఫిల్ము మీద ఎర్ర పెన్నుతో గీసిన రెండు గీతలు.

"ఈ గీతకాన్నుంచి ఆ గీత దాకా కోసేస్తాడంట. కోసి ఇనుప పట్టీ బిగిస్తాడంట. శుక్కురారం పొద్దున ఎనిమిది గంటలకు."

ఆ రోజు మంగళవారం.

కుర్చీలో కూర్చున్నది అతని కూతురు ఈశ్వరి. ఇరవై మూడేళ్ళ పిల్ల. నిమ్మకాయ చెక్క ఒకటి చిగురు కింద దాచుకున్నట్టు గడ్డానికి ఎడమ పక్క చిన్న ఉబ్బు. నొప్పి లేదు. అద్దంలో చూసుకున్నప్పుడు ముఖం ఒక పక్కకు వాలినట్టు కనబడింది, అంతే. ఇక్కడికి రావాలని పట్టుబట్టింది ఆ పిల్లే. ఇంకో నోరు కూడా అదే మాట అంటే తప్ప ఆపరేషను బల్ల ఎక్కనని భీష్మించుకుంది. ఆదోనిలో దవడ ఆపరేషన్లు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పెద్ద ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ధనుంజయ. రెండోవారు, ఆయన దగ్గర రెండేళ్ళు పనిచేసి, గొడవపడి బయటికొచ్చిన అరుణకుమారి. కోసే ముందు ఏముందో చూడాలి గదా సార్ అని పేషెంట్ల ముందు ఆమె అన్న ఒక్క మాటను ధనుంజయ ఇప్పటికీ మరిచిపోలేదు. తన ఆసుపత్రి మందుల షాపు వాళ్ళు ఎవరైనా ఆమె పేరు చెబితే ఆ రోజే పనిలోంచి తీసేస్తాడు.

"సూది వేసి చూశారా?" అని అడిగింది.

"ఏసినారు. ఏమీ రాలేదు" అంది ఈశ్వరి.

వీరేశం అందుకున్నాడు. లోపల నీళ్ళుంటే నీళ్ళు వచ్చుండాలట. చీముంటే చీము వచ్చుండాలట. ఏమీ రాలేదంటే లోపలంతా గట్టి కండేనట. పైగా ఆ మచ్చ మీదున్న పళ్ళు నాలుగూ చచ్చిపోయినాయట. అది క్యాన్సరు కాదు గానీ ఎముకను తింటూ పోయే గడ్డ అట, చుట్టూ మంచి ఎముకతో సహా తీయకపోతే మళ్ళీ వస్తుందట. ధనుంజయ చెప్పిన పాఠాన్ని అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

అరుణకుమారి ఫిల్మును మళ్ళీ లైటు ముందు పట్టింది. అలాంటి గడ్డలు ఉంటాయి. ధనుంజయ అలాంటివి చాలానే తీశాడు, బాగానే తీశాడు. కానీ ఎముకను తినే గడ్డ పక్కనున్న పళ్ళ వేళ్ళను ఊరికే వదలదు. పక్కకు తోస్తుంది, లేదా కొరుకుతుంది. ఇక్కడ వేళ్ళు చెక్కుచెదరలేదు. నల్లమచ్చ వాటి మధ్యకు చేతివేళ్ళు చొప్పించినట్టు పాకి ఊరుకుంది.

"సూదికి ఏమీ రాలేదంటే, లోపల కండ ఉందనే కాదు. లోపల ఏమీ లేకనే అయ్యుండొచ్చు" అంది.

వీరేశం నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "ఏమీ లేనిది ఎట్ల వాస్తాదమ్మా?"

దవడ ఎముకలో అరుదుగా ఒక రకం బోలు ఏర్పడుతుందని ఆమె చెప్పింది. గడ్డ కాదు, పుండు కాదు, లోపల ఖాళీ. చిన్న కిటికీ తెరిచి, లోపల గీరి మూసేస్తే చాలు, ఎముక మళ్ళీ పూడుతుంది. ముందు అది తెరిచి చూద్దామంది. వీరేశం ఒప్పుకోలేదు. ఒకసారి కోయించుకుంటాం, నీకోసం ఒకసారి, ఆయనకోసం ఒకసారి కోయించుకోలేం అన్నాడు. ఈశ్వరి మాత్రం, ఎందుకు అట్లా అనుకుంటున్నారో ఒక్క రుజువు చూపండి, అప్పుడు నోరు తెరుస్తానంది.

రుజువుకు దారి ఉంది. అది ఖాళీ బోలు అయితే దాని మీది పళ్ళు బతికే ఉండాలి. బతికిన పంటికి చల్లదనం తగిలితే జివ్వుమంటుంది. అరుణకుమారి ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తెచ్చింది. జివ్వుమంటే ఎడమ చెయ్యి ఎత్తమని చెప్పి, కింది ముందు పళ్ళు నాలుగింటికీ ఒక్కొక్కదానికీ ఆనించింది.

చెయ్యి లేవలేదు. మళ్ళీ ఆనించింది. ఇంకాసేపు నొక్కిపెట్టింది. చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.

"అయిపోయిందా పరీచ్చ?" అన్నాడు వీరేశం. ఫిల్ము తీసి కవరులో పెట్టుకున్నాడు. "మీ నాయన గుడ్డలో లేని తప్పు సూపిచ్చె. నువ్వు ఒంట్లో ఉన్న రోగం లేదంటాండావు. రెండూ ఒకటే రకం."

అరుణకుమారి మిగిలిన ఐసు ముక్కను ట్రేలో పడేసింది. పరీక్ష పెట్టింది తనే, ఓడిందీ తనే.

ఈశ్వరి లేచి సంచీ భుజానికి తగిలించుకోబోయింది. సంచీ పట్టీ దగ్గర దారం ఒకటి వేలాడుతూ చేతికి చుట్టుకుంది. పిల్ల ఆలోచించకుండానే తల వంచి, దారాన్ని కింది ముందు పళ్ళ మధ్య పెట్టి, టక్కున తెంపేసింది.

"ఆగు. ఏదీ, మళ్ళీ నోరు తెరువు" అంది అరుణకుమారి.

"బస్సు పోతాది" అని వీరేశం కూతురి రెక్క పట్టుకున్నాడు. కానీ ఆ ఒక్క క్షణంలోనే ఆమె చూసింది. ఆ ముందు పళ్ళ అంచుల్లో రంపంతో కోసినట్టు సన్నటి గంట్లు.

ఆ సాయంత్రం ఆమె నాన్నను అడిగింది, నేతగాళ్ళ పళ్ళు ఎట్లుంటాయని. దేవేంద్రప్పకు ఇప్పుడు చూపు ఆనదు. టీవీ శబ్దం వింటూ కూర్చుంటాడు. "నేను వాళ్ళ గుడ్డ చూసినాను. నోళ్ళు ఎప్పుడు చూసినానమ్మా?" అన్నాడు.

బుధవారం పొద్దున ఆమె క్లినిక్ మూసి, ఫ్లాస్కు నిండా ఐసు ముక్కలు పోసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది. పత్తి లారీలు అడ్డం తిరిగి బస్సు ముప్పావు గంట నిలిచిపోయింది. ఆమె ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుని, మూత తీయకుండా చెవి దగ్గర ఊపి చూసుకుంటూ కూర్చుంది. గలగలమనే చప్పుడు మెల్లగా తగ్గుతోంది.

నేతగాళ్ళ వీధిలో ఆమె అడుగు పెట్టేసరికి, వరసగా ఆడుతున్న మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లోనూ ఆగిపోయింది. ఎవరొచ్చారో చూసేందుకు కాదు. ఎవరో తెలిసే.

వీరేశం తల్లి సావిత్రమ్మ అరుగు మీద కూర్చుని ఆసు తిప్పుతోంది. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ. పడుగు కోసం నూలు చుట్టే ఆ చేతులు ఆగలేదు.

"దేవేంద్రప్ప కూతురివి గదూ" అంది.

అవునవ్వా, నీ పళ్ళు ఒకసారి చూడాలి అంది అరుణకుమారి.

"మీ నాయన మా గుడ్డలెంచి తిన్నాడు. నువ్వు మా పళ్ళెంచేకి వచ్చినావా?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. పక్కింటి వీరన్న తన లుంగీ చెంగు వెలుతురుకు పట్టి, "ఇదో అమ్మా, ఈడ ఒక పోగు తప్పింది, వీధిలో పారేస్తావా?" అన్నాడు. ఎవరో ఆమె చెప్పులు అరుగు మీదికి తేవద్దన్నారు. ఆమె చెప్పులు కిందే విడిచింది. ఎండలో నిలబడి చెప్పింది, ఈశ్వరి దవడ గురించీ, ఐసు గురించీ, శుక్రవారం గురించీ. ఎవరూ నోరు తెరవలేదు. ఫ్లాస్కు ఊపితే ఇప్పుడు నీళ్ళ చప్పుడే ఎక్కువగా ఉంది.

ఈశ్వరి లోపల్నుంచి వచ్చింది. నేరుగా అవ్వ ముందు కూర్చుని గడ్డం పట్టుకుంది. "నోరు తెరువవ్వా."

సావిత్రమ్మ తెరిచింది. మిగిలిన కింది ముందు పళ్ళు మూడింటి అంచుల్లోనూ గంట్లే. అరవై ఏళ్ళ పాటు, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కంట్లోంచి నూలు పోగును నోటితో పీల్చి లాగి, పళ్ళ మధ్య పట్టి తెంపిన గుర్తులు. చిగురు గట్టిగా ఉంది. వాపు లేదు. పళ్ళు కదల్లేదు. అరుణకుమారి ఐసు ముక్క ఆనించింది. ముసలమ్మ కళ్ళు ఆర్పుతూ ఇంకా ఎప్పుడు పెడతావన్నట్టు చూసింది. ఆ తర్వాత ముక్కను వెనక దవడ పంటికి ఆనించింది. అంతే, ముసలమ్మ ఎగిరిపడి డాక్టరు చేతి మీద ఫెడీమని కొట్టింది.

ఈసారి నవ్వినవాళ్ళు అరుణకుమారిని చూసి నవ్వలేదు.

తర్వాత వీరన్న. ముందు పళ్ళు పలకలేదు, వెనక పన్ను జివ్వుమంది. అతని భార్య. అతని అన్న. అదే వరస. అందరి నోళ్ళలోనూ గంట్లు, అందరి ముందు పళ్ళూ ఐసుకు మొద్దే. వీధి మొగదలలో ఇడ్లీలు అమ్మే ఉచ్చీరమ్మను కూడా పిలిపించింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మగ్గం ముట్టలేదు. గంట్లు లేని ఆమె ముందు పళ్ళకు ఐసు తగిలీ తగలకముందే, ఓలమ్మో అని నోరు పట్టుకుని వీధి మధ్యకు వచ్చేసింది.

ఫ్లాస్కులో ఒక్క ముక్క మిగిలింది, శనగగింజంత. అరుణకుమారి దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని వీరేశం ముందు నిలబడింది. అంతసేపూ అతను గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తూనే ఉన్నాడు.

"నువ్వు భయపడతావంటే వద్దులేన్నా" అంది.

వీరేశం ముందుకొచ్చి నోరు తెరిచాడు. ముక్క కరిగిపోయేదాకా ఆమె ముందు పళ్ళకే ఆనించి ఉంచింది. నీళ్ళు అతని గడ్డం మీదుగా చొక్కా మీదికి కారాయి. అతను ఉలకలేదు.

"ధనుంజయ సారు లెక్కలో ఈ పళ్ళు నాలుగూ చచ్చినవే. శుక్రవారం నీ దవడ కూడా కోయించుకుంటావా?"

వీరేశం నోట్లోని నీళ్ళు ఉమ్మేశాడు. ఏళ్ళ తరబడి దారం కోసిన పన్ను తనను తాను కాపాడుకుంటుందనీ, లోపల గోడ మందంగా పెరిగి చల్లదనం నరం దాకా పోదనీ ఆమె చెబుతూంటే మధ్యలోనే ఆపాడు.

"మా పళ్ళు మొద్దుబారినాయి, సరే. నా కూతురివి మొద్దుబారినాయో సచ్చిపోయినాయో, దానికి యాడుంది సాచ్చం?"

అడిగింది సరైన ప్రశ్నే. వీధిలో ఒక్కరైనా అంత సూటిగా అడగలేదు. అరుణకుమారి ఈశ్వరి వైపు తిరిగి చెప్పింది. ఇంకొక్క పరీక్షే ఉంది. మత్తు సూది వేయకుండా ఆ పళ్ళలో రెండింటిని మరతో సన్నగా తొలుస్తాను. బతికి ఉంటే నరానికి దగ్గరయ్యేసరికి నొప్పి తెలుస్తుంది. చచ్చి ఉంటే ఎంత తొలిచినా తెలియదు. నొప్పి పుట్టడమే మనకు కావాలి.

అది మనిషి చేసే పనేనా అని వీరన్న భార్య గొణిగింది.

"రేపు పొద్దున వస్తా" అంది ఈశ్వరి.

"చెయ్యి లేయకపోతే నీ కాన్నుంచి నేరుగా ఆయన కాడికే తీసుకపోతా" అన్నాడు వీరేశం. "మళ్ళీ ఇంకో పరీచ్చ అంటే ఊరుకోను."

ఆమె తిరుగు బస్సులో ఉండగానే ధనుంజయ ఫోను చేశాడు. ఆదోనిలో మాటలు బస్సు కంటే ముందే చేరతాయి. ఆయన గొంతు పెంచలేదు. ఇరవై రెండేళ్ళుగా దవడలు చూస్తున్నానన్నాడు. ఆలస్యం చేసిన గడ్డ కంటి కింది దాకా పాకితే ఎట్లుంటుందో తను చూశాడట, ఆమె చూడలేదట. రేపు ఆ పిల్ల నోట్లో చెయ్యి పెట్టి, ఎల్లుండికి తన బల్ల మీదికి రానీయకపోతే, ఆ తర్వాత జరిగే ప్రతిదీ కాగితం మీదికి ఎక్కుతుందనీ, ఆమె క్లినిక్ బోర్డు ఎట్లా ఉంటుందో చూస్తాననీ అన్నాడు. ఆమె ఒకటే అడిగింది. ఆ పిల్ల పళ్ళు చూశారా సార్, అంచులు? ఆయన ఫోను పెట్టేశాడు.

రాత్రి ఆమె సరిగా నిద్రపోలేదు. ధనుంజయ చెప్పింది అబద్ధం కాదు. అలాంటి గడ్డలు అట్లాగే పాకుతాయి. చెయ్యి లేవకపోతే ఆయన మాటే నిజం.

గురువారం పొద్దున తొమ్మిదికి ఈశ్వరి కుర్చీలో వెనక్కి వాలింది. వీరేశం పక్కనే నిలబడి, కూతురి ఎడమ చేతి మీదే చూపు పెట్టాడు. చెయ్యి లేస్తుందని కాదు, లేవకపోతే ఆ క్షణమే ఆపాలని.

మర మొదలైంది. పై పొర దాటింది. అక్కడ ఎవరికీ నొప్పి ఉండదు. లోపలి పొరలోకి దిగింది. మామూలు మనిషి అయితే ఇక్కడే కుర్చీలోంచి లేచిపోవాలి. ఈశ్వరి కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. చెయ్యి తొడ మీద ఉంది.

"లేయలేదు" అన్నాడు వీరేశం.

ఆమె ఆపలేదు. ఇంకొంచెం, వెంట్రుక మందం. గోడ మందంగా పెరిగితే నరం వెనక్కి జరిగి ఉంటుంది. అంత లోతు పోవాలి. కానీ ఎంత లోతని ఎవరు చెబుతారు? ఇంకో వెంట్రుక మందం.

"లేయలేదు. సాలు, ఆపు."

"నాయనా, ఉండు" అని ఈశ్వరి నోరు తెరిచి ఉంచే అనబోయింది. ఆ మాట సగంలోనే విరిగింది. ఆ పిల్ల ఒళ్ళంతా విల్లులా లేచింది. చెయ్యి లేవలేదు. చెయ్యి ఎత్తాలన్న మాటే మరిచిపోయి, రెండు చేతులతో అరుణకుమారి మణికట్టు పట్టుకుని మరను పక్కకు తోసేసింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

గదిలో మర ఒక్కటే ఖాళీగా తిరుగుతోంది.

"ఇంకోటి కూడా సూడు" అన్నాడు వీరేశం. "తప్పు పోతే?"

ఈశ్వరి తండ్రి వైపు ఒక చూపు చూసింది. తర్వాత వెనక్కి వాలి నోరు తెరిచింది. రెండో పన్ను ఇంకా తొందరగా పలికింది.

మత్తు సూది వేసి, అదే కుర్చీలో, అదే పూట ఆమె చిగురు తెరిచింది. లోపల ఎముక గుడ్డు పెంకులా పల్చగా ఉంది. చిన్న ఉలితో చూపుడువేలి గోరంత కిటికీ కొట్టి, ముక్కను తీసి పక్కన పెట్టింది. దీపం తిప్పింది. తర్వాత ఒక అడుగు పక్కకు జరిగింది.

"చూడన్నా."

వీరేశం వంగి చూశాడు. కండ లేదు. చీము లేదు. తిత్తి లేదు. శుభ్రంగా ఊడ్చిన గదిలా ఖాళీ ఎముక, అడుగున లేత పసుపు రంగు నీళ్ళు ఒక చెంచా కూడా నిండనన్ని. పైన వరసగా పళ్ళ వేళ్ళు, ఒక్కటీ చెక్కుచెదరకుండా.

"ఏమీ లేదే" అన్నాడు. "దీనికా దవడ తీసేస్తామన్నారు?"

ఆమె లోపలి గోడలు గీరింది, నెత్తురు ఊరి ఆ బోలు నిండేదాకా. ఆ నెత్తురు గడ్డకట్టి నెమ్మదిగా ఎముక అవుతుందని చెప్పింది. గీరిన పొడిని సీసాలో పోసి, కర్నూలు ల్యాబుకు పంపాలని పేరు రాసింది. కుట్లు వేస్తూ, ఎప్పుడైనా గడ్డానికి గట్టి దెబ్బ తగిలిందా అని అడిగింది.

ఈశ్వరి మాట్లాడే స్థితిలో లేదు. కానీ కళ్ళు తండ్రి వైపు పోయాయి. వీరేశం కూతురి వైపు చూడలేదు, డాక్టరు వైపు చూశాడు.

"నా చీర బురదలో పడిన దినం. ఇంటికి పోయి, తిండి తినకుండా మగ్గంలో దిగినా. మీ నాయన మీద కోపమంతా నాడెను తోసే తాడు మీద సూపిస్తి. నాడె తప్పించుకుని ఎగిరింది. ఈ పాప ఎదురుగా కూర్చుని నూలు కండెలు సుడతాండె. నాడె కొనకుండే ఇనుము నేరుగా గడ్డానికి తగిలింది."

దానికి పదమూడేళ్ళు అప్పుడు. మూడు రోజులు గంజి తాగింది. ఆడుకుంటూ పడిందని ఇంట్లో చెప్పుకున్నారు.

ఇట్లాంటి బోలు దెబ్బ వల్లే వస్తుందని ఎవరూ ఒట్టేసి చెప్పలేరంది అరుణకుమారి. కొందరికి దెబ్బ తగలకుండానే వస్తుంది. దెబ్బ వల్లేనని అనుకుంటారు, అంతే.

"మీ నాయన్ను తప్పించేకి సెప్తాండావా, నన్ను తప్పించేకా?"

ఆమె కుట్టు ముడి వేసి దారం కత్తిరించింది.

శుక్రవారం ఎనిమిదీ పదికి వీరేశం ఫోను మోగింది. అప్పుడు ఈశ్వరి వాపు చూపించుకోవడానికి క్లినిక్‌లోనే ఉంది. అవతల ధనుంజయ ఆసుపత్రి. గది సిద్ధంగా ఉందట, డాక్టరు గారు చేతులు కడుక్కుని నిలబడి ఉన్నారట, పేషెంటు ఎక్కడ? వీరేశం తడబడుతుంటే ఈశ్వరి ఫోను లాక్కుంది. బుగ్గలో దూది ఉంది. మాటలు ముద్దగానే వచ్చినా ప్రతి మాటా అర్థమైంది.

"నా దవడ నా కాడే ఉండాది. కడిగిన చేతులు తుడుచుకోమని సెప్పండి."

పది రోజులకు కర్నూలు కాగితం వచ్చింది. గడ్డ ఆనవాళ్ళు లేవు. ధనుంజయ ఏ ఫిర్యాదు కాగితమూ పెట్టలేదు. ఫోనూ చేయలేదు. కానీ ఆయన షాపు వాళ్ళు ఆమె పేరు చెప్పడం ఇంకా నేరమే.

ఐదు నెలలకు ఈశ్వరి కొత్త ఎక్స్‌రే తీయించుకోవడానికి ఒక్కతే లోపలికి వచ్చింది. ముఖం తిన్నగా ఉంది. నాయన ఎక్కడ అంటే, రోడ్డు అవతల నిలబడ్డాడు, లోపలికి రాడంట అక్కా అంది.

అరుణకుమారి తడి ఆరని ఫిల్మూ దాని కవరూ పట్టుకుని రోడ్డు దాటింది. వీరేశం ఏమీ అడగకుండా అందుకున్నాడు. రెండు చేతులతో రెండు మూలలూ పట్టుకుని, మధ్యాహ్నపు ఎండకు ఎత్తాడు. నల్లమచ్చ ఉన్న చోట తెల్లగా ఎముక పూడుకొస్తోంది. అతను తొందరపడలేదు. ఆటోలు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నా కదల్లేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అంగుళం అంగుళం చూశాడు. తర్వాత వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. ఆమె రోడ్డు పక్కన, ఎండలో, చేతులు కట్టుకుని నిలబడింది.

చివరికి అతను ఒక చోట వేలు పెట్టాడు.

"ఈడ ఇంకా పల్చగుండాది."

"ఇంకో ఆర్నెల్లు పడుతుంది" అంది. "నిండుతుంది."

"నిండకపోతే మళ్ళీ వస్తా."

ఫిల్మును కవరులో పెట్టి, మడత పడకుండా ఆమె చేతికిచ్చి, కూతుర్ని పిలిచి, ఎమ్మిగనూరు బస్సు వైపు నడిచాడు.